బస్సు రూటు - యాజమాన్యం - మన కథకులు

బస్సు కనిపించని తెలుగు కథల సంపుటి అరుదు. పట్నంలో చదువుకుంటున్న కుర్రవాడు సెలవులకు బస్సు దిగుతాడు. పెళ్ళిచూపులవాళ్ళు బస్సు దిగుతారు. అప్పులవాళ్ళకు మొహం చాటేసే రైతు తెల్లవారుజాము బస్సు ఎక్కుతాడు. పాత్రల్ని ఇన్నిసార్లు ఎక్కించి దించిన మన రచయితలు ఆ బస్సు ఎవరిదని మాత్రం అడగలేదనే చెప్పాలి. భూమి ఎవరిదని అడిగాం. మిల్లు ఎవరిదని అడిగాం. బస్సు దగ్గరికి వచ్చేసరికి అదేదో వానలాగా, ఎండలాగా దానంతటదే వచ్చిపోయే వస్తువన్నట్టు వదిలేశాం. నిజానికి తెలుగునాట ఒకే దారి మీద బస్సు యాజమాన్యం ఈ తొంభై ఏళ్ళలో రెండు మూడుసార్లు మారింది. మారిన ప్రతిసారీ బస్సులోని మనుషుల మధ్య సంబంధాలు కూడా మారాయి.

నాకు బస్సుల పిచ్చి వుంది. టిక్కెట్లు దాచుకోవటం, నెంబరు ప్లేట్లు చదవటం, బస్టాండు గోడమీది టైంటేబుల్ని నోటుపుస్తకంలో ఎక్కించుకోవటం నాకు చాలాకాలంగా వున్న అలవాటు. ఈ అలవాటు వల్ల సాహిత్యానికి ఉపయోగపడే సంగతులు కొన్ని నా చేతికి వచ్చాయి. వాటిని తోటి రచయితల ముందు, విద్యార్థుల ముందు పెట్టటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట రూటు అంటే ఏమిటో చూడాలి. రూటు అంటే రోడ్డు కాదు, బస్సు కూడా కాదు. ఫలానా ఊరినుంచి ఫలానా ఊరికి, ఫలానా వేళకు, మధ్యలో ఎక్కేవాళ్ళను ఎక్కించుకుంటూ దిగేవాళ్ళను దించుతూ, విడివిడిగా ఛార్జీ వసూలు చేసుకునే హక్కే రూటు. ఈ హక్కు రాసివున్న కాగితం పేరు పర్మిటు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం ఇలాంటి బస్సును స్టేజి క్యారేజి అన్నది. ప్రాంతీయ రవాణా అధికార సంస్థ ఇచ్చే ఆ పర్మిటుకు మూడేళ్ళకు తక్కువ కాకుండా, అయిదేళ్ళకు మించకుండా గడువు వుండేది. గడువు తీరితే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ పోటీ, మళ్ళీ పలుకుబడి. బస్సును అమ్మితే దాని ధర వేరు, రూటు ధర వేరు. డొక్కు బస్సుకైనా మంచి రూటు వుంటే గిరాకీ వుండేది. కొత్త బస్సు కొని రూటు దొరకనివాడు పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ అద్దెకు తిప్పుకోవలసిందే. భూమి, నీరు, అడవి లాగానే రోడ్డు మీద ప్రయాణించే వేళ కూడా ఒక ఆస్తిగా మారిందన్నమాట. అయినా ఈ ఆస్తి మన కథల్లోకి రాలేదు.

ఇందులో ఒక మాటను రచయితలు ప్రత్యేకంగా గమనించాలి. స్టేజి అంటే చట్టంలో ఛార్జీ మారే చోటు. ఇవాళ తెలంగాణ పల్లెల్లో 'మా ఊరి స్టేజి దగ్గర దిగు' అంటారు. రోడ్డునుంచి ఊళ్ళోకి దారి చీలేచోట నాలుగు దుకాణాలు, ఒక వేపచెట్టు, ఒక హోటలు వుంటే అదే స్టేజి. కోస్తాలో అదే చోటును అడ్డరోడ్డు అనో, సెంటరు అనో అంటారు. చట్టం పుస్తకంలోని పారిభాషిక పదం జనం నోట్లో స్థలనామమైపోయింది. నిఘంటుకారులు దీన్ని పట్టించుకున్నారో లేదో గాని, మాండలికంలో రాసే కథకులు తెలిసో తెలియకో వాడుతూనే వున్నారు.

ఇక యజమానుల సంగతి. ఇక్కడ రెండు ప్రాంతాల చరిత్ర రెండు రకాలు. నిజాం రాజ్యంలో సర్కారు బస్సు రైల్వేశాఖ కడుపున పుట్టింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. రైలు బండికి బస్సు పోటీ కాకుండా తోడుగా వుండాలనేది అప్పటి ఆలోచన. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి తర్వాత హైదరాబాదు బస్ భవన్ దగ్గర ప్రదర్శనకు వుంచారు. దాన్ని చూడటానికి వెళ్ళేవాళ్ళలో సాహిత్య విద్యార్థులు కూడా వుంటే బాగుండునని నా కోరిక. 1951లో ఆ శాఖ రైల్వే చేతినుంచి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినప్పుడు దానికి పునాది ఇదే.

ఆంధ్ర జిల్లాల్లో కథ వేరు. అక్కడ బస్సు అంటే ఒక ఆసామి బస్సు. ఒకటి రెండు బస్సులున్నవాడు, పది బస్సులున్నవాడు, ఇంటి పేరే బస్సు పేరైనవాడు. జనం టైము చెప్పేటప్పుడు కూడా 'ఫలానావారి బస్సు వెళ్ళింది' అనేవారు గాని ఎనిమిదింటి బస్సు అనేవారు కాదు. బస్సుకు డ్రైవరు, కండక్టరుతో పాటు మూడో మనిషి వుండేవాడు: క్లీనరు. టాపుమీదికి మూటలు ఎక్కించటం, రేకు మీద దెబ్బకొట్టి బండి ఆపించటం, రేడియేటరులో నీళ్ళు పొయ్యటం, స్టాండులో ఊళ్ళ పేర్లు ఏకబిగిన అరిచి జనాన్ని పోగుచెయ్యటం వాడి పని. రెండో ప్రపంచయుద్ధకాలంలో పెట్రోలు కరువై బొగ్గుగ్యాసుతో బస్సులు నడిచిన రోజుల్లో ఆ బొగ్గుపొయ్యితో తంటాలు పడినవాళ్ళలో క్లీనర్లే ముందుండేవారు. ఆ క్లీనరు డ్రైవరు కావాలని కలలు కనేవాడు. డ్రైవరు చిన్న యజమాని కావాలని కలలు కనేవాడు. ఇంత గొప్ప కథావస్తువు మన కళ్ళముందే పుట్టి, మన కళ్ళముందే మాయమైంది. ఆర్టీసీ బస్సులో బస్సు వెంట తిరిగే క్లీనరు లేడు. జాతీయకరణతో బస్సు యజమాని మారటమే కాదు, మూడు పాత్రల బస్సు రెండు పాత్రల బస్సు అయింది.

జాతీయకరణ ఎలా జరిగిందో మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. ప్రభుత్వం ఒకరోజు ఉత్తర్వు వేస్తే మర్నాడు బస్సులన్నీ ఎర్రరంగు పూసుకున్నట్టు ఊహిస్తారు. అలా కాదు. 1956లో 1939 చట్టానికి నాలుగు-ఎ అనే కొత్త అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం రవాణా సంస్థ ముందు ఒక స్కీము ప్రచురించాలి. సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, పొందికగా రవాణా జరగటానికి ఈ రూట్లు తనకు అవసరమని అందులో చెప్పాలి. రూటు పోయేవాళ్ళు అభ్యంతరాలు చెప్పుకోవాలి. ప్రభుత్వం విచారించి ఆమోదించాలి. ఆ తర్వాతే పర్మిట్లు రద్దవుతాయి. నష్టపరిహారం మాట వినండి: పర్మిటులో మిగిలివున్న గడువుకు నెలకు 200 రూపాయల చొప్పున. బస్సును సంస్థ తీసుకోనక్కరలేదు. తీసుకునేది రూటు మాత్రమే. రూటు లేని బస్సు యజమాని దొడ్లో మిగిలిపోయింది.

కృష్ణాజిల్లా రూట్లు తీసుకోవటానికి స్కీము వేసినప్పుడు బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదివే గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు అదే. 1958 నవంబరులో కోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. కారణాలు రచయితలకు ఆసక్తి కలిగించేవి. అభ్యంతరాలు విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి. నిర్ణయం చేసింది మంత్రి. ఒకరు విని మరొకరు తీర్పు చెప్తే వినటానికి అర్థం లేదన్నది కోర్టు. పైగా విన్న కార్యదర్శి తగాదాలో ఒక పక్షమైన శాఖకే అధిపతి. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తెలుగువాడే. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని స్కీమును ఆమోదించగా, 1959లో రెండోసారి కేసు వచ్చినప్పుడు కోర్టు ఆ ఆమోదాన్ని నిలబెట్టింది.

కర్నూలు సంగతి ఇంతకంటే తీవ్రం. సంస్థ ముందు అనుకున్న జిల్లాల వరసలో వెనకవున్న కర్నూలు ఉన్నట్టుండి ముందుకు వచ్చింది. తమ రాజకీయ వ్యతిరేకతకు ముఖ్యమంత్రి కక్ష తీర్చుకుంటున్నారని యజమానులు ప్రమాణపత్రాలు వేశారు. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి 1962లో ఆ జిల్లాలోని డోన్ నుంచే ఎన్నికయ్యారు. ఆరోపణలకు ఆయన స్వయంగా ప్రమాణపత్రంతో జవాబు చెప్పలేదు. 1964లో రౌజీ కేసుగా పేరుపడ్డ తీర్పులో సుప్రీంకోర్టు ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకుని స్కీములను కొట్టేసింది. సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఫిబ్రవరి నెలాఖరులో కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. బస్సురూట్ల మీద ఒక ముఖ్యమంత్రి పదవి పోయిన రాష్ట్రం మనది. దీనిమీద ఒక నాటకమన్నా రాకపోవటం నాకు ఆశ్చర్యం.

ఇక్కడ అభ్యుదయ రచయిత జాగ్రత్తగా ఆలోచించవలసిన చిక్కు వుంది. రవాణా ప్రజల చేతిలో వుండాలన్న సూత్రం సరైనదే. ఆ సూత్రాన్ని ఎవరు, ఎవరిమీద, ఏ వరసలో ప్రయోగిస్తున్నారన్న ప్రశ్న కూడా సరైనదే. ఒకటి ఒప్పుకున్నంత మాత్రాన రెండోది అడగకూడదని లేదు. కర్నూలు తీర్పును చూపించి జాతీయకరణే కక్షసాధింపు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. జాతీయకరణ పేరు చెప్తే చాలు, విచారణ అక్కర్లేదనేవాళ్ళతోనూ ఏకీభవించను.

సరే, రూటు చేతులు మారింది. ఊళ్ళో బస్సుకోసం నిలబడ్డ మనిషికి ఏం మారింది? నా లెక్కలో అసలు సంగతంతా ఒక ఖాళీ సీటులో వుంది. ఖాళీ సీటు నష్టం ఎవరు భరిస్తారన్నదే యాజమాన్యం స్వభావాన్ని చెప్పే ప్రశ్న. ప్రైవేటు బస్సు యజమాని ఆ నష్టం తాను భరించలేడు, భరించడు. అందుకని బస్సు నిండేదాకా స్టాండులో ఆగుతుంది. సీటు ఖాళీగా పోవటం కన్నా మనిషి ఎదురుచూడటమే యజమానికి చవక. ఊళ్ళో పెద్దమనిషి వస్తున్నాడంటే బస్సు ఆగుతుంది, ముందుసీటు ఖాళీ అవుతుంది. కూలిమనిషి పరుగెత్తుకొస్తున్నా, అప్పటికే సీట్లు నిండివుంటే ఆగదు. బాగా తెలిసినవాళ్ళకు అరువు కూడా వుండేది. అరువు వున్నచోట అణుకువ వుంటుంది గదా.

ఆర్టీసీ బస్సులో ఖాళీ సీటు సంస్థ ఖాతాలో పడుతుంది. టైమయితే బస్సు కదలాలి. ప్రతి స్టేజి దగ్గరా ఎంతమంది ఉన్నారో, ఎన్ని టిక్కెట్లు తెగాయో కండక్టరు ఎస్.ఆర్. కాగితంలో రాయవలసి వుండేది. మునసబుగారికీ మాలపల్లె ముసలమ్మకూ ఒకటే ఛార్జీ, ఒకే రకం టిక్కెట్టు వుండేది. జాతీయరహదారి మీద నిండుగా నడిచే బస్సు రాబడి, గుంతల దారిలో పదిమందితో నడిచే బస్సు నష్టాన్ని మోస్తుంది. బడిపిల్లల పాసులు, రాత్రికి ఊళ్ళో ఆగి తెల్లవారుజామున బయలుదేరే నైట్‌హాల్ట్ బస్సు, ఇవన్నీ ఈ లెక్కమీద బతికినవే. ఆ నైట్‌హాల్ట్ బస్సు డ్రైవరూ కండక్టరూ ఊళ్ళో అల్లుళ్ళూ కారు, అపరిచితులూ కారు. ఎవరి అరుగుమీద పడుకున్నారు, ఎవరింట్లో మజ్జిగ తాగారు, ఎవరింట్లో తాగలేదు అన్నది ఒక కథకుడు రాయవలసిన విషయం.

అయితే ఇదంతా సమానత్వమనుకుని మురిసిపోనక్కరలేదు. యజమాని మొహం పోయి దాని స్థానంలో నిబంధన వచ్చింది. యజమానితో దెబ్బలాడవచ్చు, నిబంధనతో దెబ్బలాడటం కష్టం. చిల్లర లేదని టిక్కెట్టు వెనక రాసిచ్చిన రూపాయి కోసం బస్టాండులో కండక్టరు చుట్టూ తిరిగే మనిషి కొత్త రకం పాత్ర. డిపోలో మాట్లాడే భాష కూడా కొత్తది. కిలోమీటరుకు రాబడి ఎంత, సీట్ల నిండుదనం నూటికి ఎంత అన్న రెండు అంకెలతో ఒక ఊరికి బస్సు వుండాలా వద్దా అన్నది తేలుతుంది. ఆ అంకెల్లో నిండుచూలాలు కూడా ఒక సీటే.

నుడికారంలోకి వచ్చిన మార్పు ఇంకొకటుంది. అమాయకపు పల్లెటూరివాణ్ణి 'ఎర్రబస్సెక్కి వచ్చాడు' అని వెక్కిరించటం మనకందరికీ తెలిసిందే. ఎర్రబస్సు పల్లెకు పోకపోతే ఈ వెక్కిరింత పుట్టేదే కాదు. పల్లెవాణ్ణి పట్నానికి తెచ్చిన వాహనమే పల్లెవాడి అజ్ఞానానికి గుర్తు అయింది. దీన్ని సినిమావాళ్ళు హాస్యానికి వాడుకున్నారు. మనం ఆలోచనకు వాడుకుని వుండవలసింది.

ఇప్పుడు నా పిచ్చిలో కాస్త లోతుకు పోతాను. ఆర్టీసీ సొంత బస్సు నెంబరులో జడ్ అనే అక్షరం వుంటుంది. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరుమీద ఆ అక్షరం పెట్టించాడని జనంలో ఒక కథ వుంది. కథ సంగతి ఎలా వున్నా అక్షరం మాత్రం యాజమాన్యానికి గుర్తు. బస్టాండులో ఆగివున్న బస్సు రంగు ఆర్టీసీది, బోర్డు ఆర్టీసీది, కండక్టరు ఆర్టీసీ మనిషి. కాని నెంబరులో జడ్ లేదంటే అది అద్దెబస్సు. బస్సు ఒక ప్రైవేటు ఆసామిది. డ్రైవరు ఆ ఆసామి మనిషి. సంస్థ కిలోమీటరు లెక్కన డబ్బు కడుతుంది. పక్కపక్కన కూర్చుని ఒకే బస్సు నడిపే ఇద్దరికి ఇద్దరు యజమానులు, రెండు రకాల జీతాలు, రెండు రకాల భద్రత. 1958లో ముందు తలుపునుంచి పంపించిన యజమాని వెనక తలుపునుంచి ఎక్కాడు. ఈసారి అతనికి ఖాళీ సీటు బెంగ కూడా లేదు. బస్సు నిండినా నిండకపోయినా కిలోమీటరు కిలోమీటరే.

విద్యుత్ బస్సులతో ఈ పద్ధతి ఇంకా ముదిరింది. 2019లో హైదరాబాదు విమానాశ్రయం దారుల్లో, 2022లో తిరుపతి-తిరుమల దారిలో వచ్చిన విద్యుత్ బస్సులు కంపెనీల సొంతం; కిలోమీటరుకు ఇంత అని ఒప్పందం. పొగలేని బస్సు రావటం మంచిదే. కాని రూటు సంస్థ పేరుమీద వుండి, చక్రం కంపెనీ చేతిలో వుంటే దాన్ని ఏమనాలి? పాత చట్టం భాషలో దీనికి పేరు లేదు.

కనిపించకుండా చేతులు మారిన రూట్లు ఇంకా వున్నాయి. జాతీయకరణ జరిగిన దారుల్లో ప్రైవేటు బస్సు మధ్యలో జనాన్ని ఎక్కించుకోకూడదు. ఒప్పందం మీద ఒక బృందాన్ని ఒకచోటినుంచి ఒకచోటికి చేర్చే కాంట్రాక్టు క్యారేజి పర్మిటు వేరే వుంది. ఆ పర్మిటుతో రాత్రిపూట హైదరాబాదుకూ బెంగుళూరుకూ టిక్కెట్లమ్మి నడిచే ట్రావెల్స్ బస్సులు లాభమొచ్చే దూరపు రూట్లకు గండికొట్టాయి. పల్లె దగ్గర షేర్ ఆటో ఆ పని చేసింది. ఆటో నిండేదాకా కదలదు: ఖాళీ సీటు బరువు మళ్ళీ ప్రయాణీకుడి నెత్తికే వచ్చింది. లాభాల దారి అటు పోయి, నిండే వేళలు ఇటు పోతే సంస్థకు మిగిలేది నష్టాల దారి. ఆ నష్టాన్ని చూపించి సంస్థ దండగ అనటం సులభం.

2019లో తెలంగాణలో జరిగింది ఈ నేపథ్యంలో చూడాలి. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్న కోరికతో అక్టోబరు 5న దాదాపు 48,000 మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. నవంబరు 2న మంత్రివర్గం 5,100 రూట్లు ప్రైవేటుకు ఇవ్వాలని నిర్ణయించింది. పత్రికలు రూట్లు అని రాశాయి గాని ఆ అంకె బస్సుల అంకె, అంటే పర్మిట్ల అంకె. నడుస్తున్న సుమారు 10,400 బస్సుల్లో అది సగం. రూటు అంటే దారి కాదు, హక్కు అని నేను మొదట చెప్పింది ఇందుకే. 52 రోజుల తర్వాత సమ్మె విరమించారు. నవంబరు 29న కార్మికులు డ్యూటీ ఎక్కారు. 5,100 అప్పగింత జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వోద్యోగులయ్యారు. బస్సులు మాత్రం సంస్థవే.

చివరగా జీరో టిక్కెట్టు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు నిర్ణీత తరగతుల బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆమె డబ్బివ్వదు, అయినా కండక్టరు యంత్రంలోంచి టిక్కెట్టు తీసి ఇస్తాడు. ఆ టిక్కెట్టు లెక్క ప్రకారం ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లించాలి. ఇన్నాళ్ళూ ఖాళీ సీటు నష్టం ఎవరిదని అడుగుతూ వచ్చాను. ఇప్పుడు నిండిన సీటు డబ్బు ఎవరు కట్టాలి, ఎప్పుడు కడతారు అన్నది ప్రశ్న. పక్కన నిలబడ్డ మగవాళ్ళ గొణుగుడు, సీటు దొరికిన కూలిస్త్రీ చేతిలోని ఆ కాగితం, ఇద్దరి మధ్యా ఒదిగి నిలబడి లెక్క తప్పకుండా టిక్కెట్లు కొడుతున్న కండక్టరు - ఇప్పుడు కండక్టర్లలో స్త్రీలు కూడా వున్నారు. నా దగ్గర టిక్కెట్ల పెట్టెలో పంచి కొట్టిన పాత రంగు టిక్కెట్ల కట్టల పక్కన ఈ జీరో టిక్కెట్లు కూడా కొన్ని చేరాయి. యంత్రపు కాగితం కావటంతో సిరా త్వరగా వెలిసిపోతున్నది. తేదీ, ఊరి పేరు వేరే కాగితం మీద రాసి పెట్టుకుంటున్నాను.